రంజాన్ చందా, మృగశిర విత్తనం
(సొసైటీ వార్షిక సమావేశంలో పెరటి తోటల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





పోయిన మే నెలలో లెక్కలు చూసుకునే మీటింగులో ఒక పెద్దాయన లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "రంజాన్ అయిపోయి నెల దాటింది. పెరటి తోటల పద్దు కింద మేమిచ్చిన డబ్బు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. పేదవాడి సొమ్ము బ్యాంకులో పెట్టుకుని ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?" ప్రశ్న న్యాయమైనదే. "మృగశిర కోసం" అని ఆ రోజు ఒక్క మాటలో జవాబు చెప్పాం. కొందరు నవ్వారు. ఆ ఒక్క మాట వెనక మేము చేసిన పొరపాటు ఒకటుంది. అది ఈ రోజు పూర్తిగా చెప్పాలని నిలబడ్డాం.

2023లో ఈదుల్ ఫిత్ర్ ఏప్రిల్ 22న వచ్చింది. ఆ ఏడాది రంజాన్ కిట్లలో బియ్యం, పప్పు, నూనె, చక్కెర, సేమియాలతో పాటు 40 ఇళ్లకు ఒక కవరు అదనంగా పెట్టాం. అందులో టమాట, బెండ, వంకాయ, సొరకాయ, పాలకూర, కొత్తిమీర విత్తనాల పొట్లాలు. కిట్టు నెలరోజులకు అయిపోతుంది, తోట ఉంటే ఏడాదంతా కూర ఉంటుంది అన్నది మా ఆలోచన. వినడానికి బాగుంది. ఫొటోలు కూడా బాగా వచ్చాయి.

అసలు సంగతి ఏమిటంటే, కమిటీలో మేము అయిదుగురం. ముగ్గురం టీచర్లం, ఒకరు సింగరేణిలో క్లర్కుగా చేసి రిటైరైనవారు, ఒకరు కిరాణా దుకాణం నడుపుతారు. అంతకు ముందు ఒక్క తోటకూర మొక్కను పెంచినవాళ్లం కాదు. విత్తనం మొలకెత్తడం గురించి ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాం గానీ, చేతికి మట్టి అంటలేదు. పిల్లవాడికి ముందే ఏం తెలుసో చూసుకుని పాఠం మొదలుపెట్టాలని బీఎడ్‌లో నేర్పిస్తారు. మాకు ఏం తెలియదో మేము చూసుకోలేదు.

ఏప్రిల్ చివర్లో మన ఊళ్లో విత్తనం వేస్తే ఏమవుతుందో ఇక్కడి ఏ రైతును అడిగినా చెప్పేవాడు. మే నెలలో మనకు 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ వేడికి పాలకూర, కొత్తిమీర సరిగా మొలవనే మొలవవు. టమాట మొలిచినా పూత నిలవదు. సొర తీగ రెండాకులు వేసి వాడిపోతుంది. ఆ పైన రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే రోజుల్లో సిమెంటు సంచిలో మొలక ఎట్లా బతుకుతుంది? తాగే నీళ్లకే నల్లా దగ్గర బిందెలు వరసపెట్టే ఇళ్లు కొన్ని. మొక్కకు పోసే నీళ్లు ఎక్కడివి?

బక్రీద్ జూన్ 29న. ఆ వారంలో ఇల్లిల్లూ తిరిగి చూశాం. 40 ఇళ్లలో మూడింట్లో పచ్చదనం కనిపించింది. ఒక ఇంట్లో వేపచెట్టు నీడ ఉంది. ఒక ఇంట్లో పల్లెటూరి నుంచి వచ్చిన నానమ్మ, మేమిచ్చిన పొట్లాలు విప్పకుండా అటక మీద పెట్టి, తొలి వాన పడ్డాకే వేసింది. "గిప్పుడిచ్చిండ్రేంది బిడ్డా, ఎండలల్ల?" అని మమ్మల్నే అడిగింది. మూడో ఇంటి సంగతి తర్వాత చెబుతాం. మిగతా 37 ఇళ్లలో కొందరు ఖాళీ డబ్బా చూపించి మమ్మల్నే ఓదార్చారు. కొందరు తామే తప్పు చేశామేమో అన్నట్టు తల దించుకున్నారు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది. తప్పు మాది, సిగ్గు వాళ్లది అయింది.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే విషయం చాలా చిన్నది. మన పండుగలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. హిజ్రీ సంవత్సరం దాదాపు పదకొండు రోజులు తక్కువ కనుక రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది. 2023లో మార్చి 24న మొదలైన రోజాలు 2024లో మార్చి 12కి వచ్చాయి, 2025లో మార్చి మొదటి వారానికి, 2026లో ఫిబ్రవరికి. 2030లోనైతే జనవరి మొదట్లో ఒక రంజాన్, డిసెంబరు చివర్లో ఇంకొకటి వస్తాయి. మృగశిర మాత్రం ఎక్కడికీ కదలదు. జూన్ 7 లేదా 8. బజారులో చేపల కోసం జనం ఎగబడే రోజు, అందరికీ గుర్తే. మన చేతులు ఎక్కువగా తెరుచుకునేది రంజాన్‌లో. నేల తెరుచుకునేది మృగశిరలో. ఈ రెండింటి మధ్య ఉన్న నెలలు డబ్బు ఆగి తీరాలి.

జకాత్ సొమ్మును మేము దీనికి ముట్టలేదన్న విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. జకాత్ హక్కుదారుడి చేతికి చేరాలి, దాన్ని వాన కోసం ఆపి ఉంచడం బాగుండదని పెద్దలను అడిగి తెలుసుకున్నాం. తోటల పద్దులో ఉన్నదంతా సదఖాగా, మామూలు చందాగా వచ్చిన డబ్బే. రసీదు పుస్తకం కూడా వేరు.

ఇతరులకు చెప్పే ముందు మేమే పెంచి చూద్దామని 2023 జులైలో అయిదుగురం మా ఇళ్లలో మొదలుపెట్టాం. ఆ అయిదు నెలల్లో మేము చేయని తప్పు లేదు. మాలో ఒకరు ఓపెన్‌కాస్ట్ గుట్టల వైపు నుంచి ట్రాక్టరుతో మట్టి తెప్పించారు. చూడటానికి మట్టిలాగే ఉంటుంది. కానీ అది బొగ్గు కోసం లోతుల్లోంచి పగలగొట్టి తీసిన రాయి పిండి, అందులో కుళ్లిన ఆకు లేదు, పేడ లేదు, వానపాము లేదు. బెండ మొక్క జానెడు లేచి అక్కడే ఆగింది. చివరికి ఒక పాలు చెల్క మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపాక మొక్క కదిలింది. రేగడి ఒక్కటే నింపితే వానకు ముద్ద అవుతుంది, ఎండకు బీటలిస్తుంది. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది. డబ్బా అడుగున రంధ్రాలు పెట్టడం మరిచిపోయినవారు కూడా మాలో ఉన్నారు. పేరు చెప్పం, ఇక్కడే కూర్చున్నారు.

సొర తీగ విషయంలో ఇంకో సంగతి. తొలిగా వచ్చే పూలన్నీ మగపూలే. అవి పూసి రాలిపోతుంటే మందు కొట్టాలేమోనని పరుగెత్తాం. వారం పది రోజులు ఆగితే పువ్వు కింద చిన్న పిందె ఆకారంతో ఆడపూలు వస్తాయి. సొరపువ్వు సాయంత్రం విప్పుకుంటుంది. ఆ వేళ తేనెటీగలు ఉండవు. మగపువ్వు తుంచి దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దితే కాయ నిలుస్తుంది. మగ్రిబ్ నమాజుకు వెళ్లే ముందు ఈ పని రెండు నిమిషాలు. ఇది తెలిశాక మా ఇళ్లలో సొరకాయలు పంచిపెట్టే స్థితికి వచ్చాం.

ఇక ఆ మూడో ఇల్లు. అక్కడ నీడా లేదు, నానమ్మా లేదు. వుజూ చేసుకునే అరుగు కింద ఇంటావిడ రెండు సంచులు పెట్టింది, అంతే. రోజుకు అయిదు పూటలు, ఇంట్లో నలుగురు. సబ్బు లేని శుభ్రమైన నీళ్లు, ఎవరూ గుర్తుపెట్టుకుని పోయనక్కర లేకుండా. ఏప్రిల్‌లో పెట్టిన విత్తనం అక్కడ కూడా చాలావరకు పోయింది గానీ, ఆమె పక్కింటి నుంచి తెచ్చి గుచ్చిన పుదీనా కొమ్మలు మే నెల ఎండను తట్టుకుని సంచి నిండా అల్లుకున్నాయి. దైవప్రవక్త (సల్లం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని మనకు తెలుసు. మన కొలతలో లీటరులో మూడింట రెండు వంతులు. మనం నల్లా తిప్పి అంతకు ఎన్ని రెట్లు వదులుతామో ఎవరి ఇంట్లో వాళ్లు బకెట్టు పెట్టి చూసుకోవచ్చు. ఆ తర్వాత మేము ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది, వుజూ ఎక్కడ చేస్తారమ్మా అని. సంచులు పెట్టే చోటు అక్కడే తేలుతుంది.

2024లో పద్ధతి మార్చాం. 40 ఇళ్లు కాదు, 12 ఇళ్లే తీసుకున్నాం. మృగశిర వచ్చాక, మంచి వాన ఒకటి పడ్డాక సంచులు పట్టుకుని వెళ్లాం. ఇంటికి పది సంచులు, కలిపిన మట్టి, కోతుల కోసం వల, ఎండకు పచ్చ గుడ్డ. విత్తనాలు మార్చాం. తొలి దఫా ఆకుకూరలే: తోటకూర, మెంతి, మన ఇళ్లలో అంబాడా అని పిలుచుకునే పుంటికూర. తోటకూర విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే పలుచగా పడుతుంది. నెలరోజులు తిరిగేసరికి కూర పొయ్యి మీద ఉంటుంది. మొదటిసారి తోట వేసేవారికి ఆ నెల చాలా ముఖ్యం. నెలలో ఏదో ఒకటి తెంపితేనే రెండో నెల నీళ్లు పోస్తారు. వంకాయ, టమాటలతో మొదలుపెట్టినవారికి నారు పోయడం, తీసి నాటడం, పురుగు, ఎదురుచూపు, అన్నీ కలిసి ఓపిక చచ్చిపోతుంది. అవి రెండో దఫాలో.

రెండు వారాలకు ఒకసారి మాలో ఒక జంట ఆ ఇళ్లకు వెళ్లేది. ఆడవాళ్లే ఉండే ఇళ్లకు మా కమిటీ అక్కలు వెళ్లారు. పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టించాం. బొగ్గు దుమ్ము మన ఊరి ఆకుల మీద పడకుండా ఆపలేం కనుక, కూరను రెండు నీళ్లలో ముంచి కడగమని ప్రతి ఇంట్లో చెప్పాం. కోతులతో మాత్రం ఓడిపోయాం. వల చించి ఒక ఇంట్లో బెండతోట మొత్తం ఒక్క పూటలో తినేశాయి. మొక్క నాటితే దాన్ని మనిషి తిన్నా పక్షి తిన్నా పశువు తిన్నా నాటినవారికి సదఖా అవుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ ఇంటావిడకు అది గుర్తుచేస్తే, "అయితే నాకు చానా పుణ్యమొచ్చినట్టే, ఇగ వచ్చే యేడు మీ ఇంట్ల పెట్టుకోండ్రి" అన్నది. మా అనుభవంలో పుదీనా, మెంతి, కాకర, మిర్చి జోలికి కోతులు తక్కువ వస్తాయి. ఈసారి ఆ వాడలో అవే ఇస్తాం.

ఒక ఇంటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. జూన్‌లో ఆ ఇంట్లో చిక్కుడు గింజలు పెట్టించాం. జులై మొదట్లో ఇంటి యజమాని చనిపోయాడు. కోడలిది చిన్న వయసు, ఇద్దరు పిల్లలు. ఆమె ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. కిట్టు అత్తగారి చేతికి ఇచ్చి వచ్చేవాళ్లం. సంచుల సంగతి అడగడానికి మాకు నోరు రాలేదు. ఆగస్టులో మా అక్కలు వెళ్లినప్పుడు ఆమే అడిగింది, తీగ పందిరంతా పాకింది, ఒక్క పువ్వు లేదు, ఎందుకని. మాకు జవాబు తెలియదు. సెప్టెంబరులో అత్తగారు, గొడ్డు తీగకు నీళ్లెందుకు, పీకేద్దాం అన్నది. ఆ మాట ఆ ఇంట్లో ఎట్లా వినపడి ఉంటుందో అక్కలకు అర్థమయ్యింది. పీకవద్దని బతిమాలి, బజారులో కూరగాయలమ్మే ఒక ముసలామెను అడిగాం. "చిక్కుడు గట్లనే ఉంటది. పొద్దు తగ్గాలె, చలి పడాలె. దసరా పోనియ్యిండ్రి" అన్నది. తర్వాత చదివితే తెలిసింది, నాటు చిక్కుడు పగటి పొద్దు చిన్నదయితేనే పూత పడుతుంది. జూన్‌లో వేసినా ఆగస్టులో వేసినా పూసేది అప్పుడే. అక్టోబరు చివర్లో ఆ పందిరి ఊదారంగు పూలతో నిండింది. ఇద్దత్ పూర్తయ్యేసరికి కాయలు దిగుతున్నాయి. ఆమె బయటికి వచ్చిన మొదటి వారంలో ఇరుగుపొరుగు నాలుగిళ్లకు చిక్కుడుకాయలు పంపింది. అన్ని నెలలు వాళ్లు ఆ ఇంటికి గిన్నెల్లో కూర పంపారు. ఖాళీ గిన్నె తిరిగి పంపడం ఆమెకు ఇష్టం లేదట.

ఇప్పుడు లెక్క. మొదటి ఏడాది ఇంటికి 110 రూపాయల చొప్పున 40 ఇళ్లకు 4,400. రెండో ఏడాది ఇంటికి 850 చొప్పున 12 ఇళ్లకు 10,200. రెండో ఏడాది 12లో 9 ఇళ్లు డిసెంబరు దాకా పచ్చగా ఉన్నాయి. మిగతా మూడింటిలో ఒకటి కోతులు తిన్నది. ఒక కుటుంబం అద్దె గది మారింది. ఇంకొకావిడ పొద్దున పనికి పోతే రాత్రికి గాని రాదు, ఆమెను మేము ఏమీ అనలేం. ఇంటికి 850 ఎక్కువని కొందరికి అనిపించవచ్చు. పచ్చగా మిగిలిన ఇళ్లతో భాగించి చూడండి. మొదటి ఏడాది ఒక్కో తోటకు 1,467 రూపాయలు పడింది, రెండో ఏడాది 1,133. చవకగా పంచినదే ఖరీదు పడింది.

ఈ తోటలతో కూరగాయల ఖర్చు తీరిపోతుందని మేము చెప్పం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అని చెప్పింది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైనే. పది సంచులు అంత ఇవ్వవు. వారానికి మూడు పూటలు ఆకుకూర, రోజూ చిటికెడు కొత్తిమీర పుదీనా, కాలంలో కాసిన్ని కాయలు. అంతే. కానీ ఆ మూడు పూటలే మాకు కావలసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఈ అంకె టీచర్లుగా మాకు కొత్త కాదు. ప్రార్థనకు వరసలో నిలబడి కళ్లు తిరిగి కూలబడే ఆడపిల్లలను ఏటా చూస్తాం. డాక్టరు ఇచ్చే ఐరన్ మాత్ర మానవద్దు, తోటకూర దానికి బదులు కాదు. కూర మీద నిమ్మరసం పిండుకోవాలి, అన్నం తినగానే చాయ్ తాగవద్దు. ఒంటికి ఐరన్ పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. ఈ చివరి మాట మన ఇళ్లలో ఎవరూ వినరని తెలిసే చెబుతున్నాం.

ఇది మనకే వచ్చిన ఆలోచనా కాదు. బంగ్లాదేశ్‌లో పిల్లలకు విటమిన్ ఏ లోపంతో రేచీకటి వస్తుంటే, హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1980ల చివర్లో చిన్నగా మొదలుపెట్టి, 1990ల్లో స్థానిక సంస్థలతో కలిసి పెరటి తోటలను ఊరూరా వ్యాపింపజేసింది. విత్తనాలు పంచి వదిలేయలేదు. ఊళ్లో ఒక నర్సరీ ఉండేట్టు చూశారు, ఆడవాళ్లను గుంపులుగా కలిపారు, ఒక్క సీజనుతో ఆగిపోకుండా ఏడాది పొడుగునా తోట ఉండే పద్ధతి నేర్పారు. మనకు కూడా నర్సరీ అన్నది మనసులో ఉంది. ఆ వుజూ అరుగు ఇంటావిడ నారు పోసి అమ్ముతానంటోంది. మొక్కకు రెండు రూపాయలు. ఆమెను ఇక సాయం తీసుకునేవారి జాబితాలో రాయవద్దని ఆమే చెప్పింది.

ఈ ఏడాది 20 ఇళ్లు అనుకుంటున్నాం. పోయినేటి 9 ఇళ్ల నుంచి తోటకూర, పుంటికూర, చిక్కుడు, సొర గింజలు ఎండబెట్టి, బూడిద కలిపి సీసాల్లో పెట్టాం. అవి నాటు రకాలు కనుక వచ్చే ఏడూ అట్లాగే మొలుస్తాయి. హైబ్రిడ్ పొట్లాల గింజ దాచుకుంటే తల్లి మొక్కలాంటి కాయ రాదు. కాబట్టి విత్తనాల ఖర్చు తగ్గింది, ఎరువు, వలల ఖర్చు ఉంది. రంజాన్‌లో తోటల పద్దుకు ఇచ్చేవారు రసీదు మీద జూన్ అని రాసి ఉండటం చూస్తారు. అప్పటిదాకా అది బ్యాంకులోనే ఉంటుంది. మే నెల మీటింగులో ఆ పెద్దాయన మళ్లీ అడగాలని మేమే కోరుతున్నాం, పాసుబుక్కు తెచ్చి చూపిస్తాం.

ఇంకొక్కటి, డబ్బు కానిది. ఇళ్లకు రంగులు వేయించినప్పుడు 20 లీటర్ల డబ్బాలు మిగులుతాయి. వాటిని పాతసామాన్ల వాడికి వేయకండి. కడిగి, మూత లేకుండా, సొసైటీ ఆఫీసు వెనక గోడ దగ్గర పెట్టించండి. మాకు మే ఆఖరుకల్లా రెండు వందల డబ్బాలు కావాలి. రంధ్రాలు మేము పెట్టుకుంటాం.